ఎండీఎఫ్ షట్టర్లకు ఇంట్లోనే వాటర్ బేస్డ్ పెయింట్: కోసిన అంచు నుంచి ఆఖరి కోటు దాకా

కప్‌బోర్డ్ తలుపులు (షట్టర్లు) చేసే ఎండీఎఫ్ అనే చెక్కపీచు బోర్డుకి నీళ్ల పెయింటు పనికిరాదు, ఉబ్బిపోతుంది అని షాపులో చెబుతారు, కార్పెంటర్ చెబుతాడు, పెయింటర్ కూడా అదే మాట అంటాడు. అందులో సగమే నిజం. ఎండీఎఫ్‌కి నీళ్లు పడవు, ఒప్పుకుంటాను. కానీ ఆ నీళ్లు లోపలికి దూరేది నున్నగా ఉన్న పైభాగం నుంచి కాదు, ఎక్కువగా కోసిన అంచుల నుంచి, రౌటర్ మిషన్‌తో చెక్కిన గాడుల (గ్రూవ్‌ల) నుంచి, స్క్రూ కన్నాల నుంచి. ఆ చోట్లన్నీ ముందే మూసేస్తే మిగతా షీటంతా నీళ్ల పెయింటును చక్కగా పట్టుకుంటుంది. పని మీద పెట్టే టైంలో సగం అంచుల మీదే పెట్టగలిగితే ఇంట్లో చేసిన పనికీ, షాపులో స్ప్రే చేయించిన పనికీ దూరం నుంచి చూసేవాళ్లకు పెద్ద తేడా తెలియదు.

మరి అంత కష్టపడి నీళ్ల పెయింటే ఎందుకు? మొదటిది వాసన. ఫ్లాట్‌లో పిల్లలు, పెద్దవాళ్లు ఉండగా టర్పెంటైన్ వాసన రోజుల తరబడి భరించడం కష్టం. రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: తెల్లటి ఆయిల్ ఎనామెల్ వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది. కప్‌బోర్డ్ లోపలివైపు, లాఫ్ట్ తలుపుల వెనకవైపు రెండు మూడేళ్లకే రంగు మారడం చాలా ఇళ్లల్లో చూస్తూనే ఉంటాం. అక్రిలిక్ నీళ్ల పెయింటుకు ఆ జబ్బు లేదు. ఇక బ్రష్షులు కుళాయి నీళ్లతో కడిగేసుకోవచ్చు.

ఏ బోర్డు కొనాలి

చెక్కను పీచుగా చేసి, జిగురు కలిపి, వేడి మీద గట్టిగా నొక్కితే వచ్చేది ఎండీఎఫ్. అలా నొక్కినప్పుడు రెండు వైపులా పైపొర గట్టిపడుతుంది, మధ్యలో పీచు కాస్త వదులుగానే ఉండిపోతుంది. రంపం పెడితే బయటపడేది ఆ మధ్య భాగమే, అందుకే అంచు నీళ్లను అంతగా తాగుతుంది.

మామూలు ఎండీఎఫ్ కాకుండా ఇప్పుడు హైదరాబాద్ షాపుల్లో హెచ్‌డీహెచ్ఎంఆర్ అనే బోర్డు కూడా దొరుకుతోంది. అది ఇంకా చిక్కగా ఉంటుంది, తేమను బాగా తట్టుకుంటుంది, అంచు కూడా తక్కువ పీలుస్తుంది. కిచెన్ షట్టర్లకు నేనైతే అదే తీసుకోమంటాను. అయితే అది వాటర్‌ప్రూఫ్ కాదు, సింక్ కింద, బాత్‌రూమ్ లోపల ఏ రకం ఎండీఎఫ్ పెట్టినా డబ్బు నీళ్లపాలే. బోర్డు మీద ఈ1 లేదా ఈ0 అనే ముద్ర ఉందో లేదో చూడండి. జిగురులోంచి బయటికి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఎంత తక్కువో ఆ గ్రేడ్ చెబుతుంది. పడకగదిలో పెట్టే వస్తువుకు ఇది చూడకుండా కొనకండి.

ఎనిమిది అడుగులు బై నాలుగు అడుగుల షీటు, 18 ఎంఎం మందంలో, దాదాపు 40 కిలోలు ఉంటుంది. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టదు, మెట్ల మీద ఇద్దరు మోసినా మూలలు కొట్టుకుంటాయి. కాబట్టి కొలతలు రాసుకెళ్లి షాపులోనే కోయించేయండి. పెద్ద ప్లైవుడ్ షాపుల్లో మిషన్ కటింగ్ ఉంటుంది, దాంతో అంచు చేతిరంపం కన్నా శుభ్రంగా వస్తుంది, మీకు తర్వాత రుద్దుడు తగ్గుతుంది, పైగా ఆ దుమ్మంతా మీ ఇంట్లో కాకుండా అక్కడే పోతుంది. హింజ్‌ల కోసం వేసే 35 ఎంఎం గుంటలు కూడా పెయింటుకు ముందే వేయించుకోండి. రంగు వేశాక డ్రిల్ పెడితే చుట్టూ పెచ్చులు లేస్తాయి, లోపల పచ్చి పీచు బయటపడుతుంది. కోయగా మిగిలిన ముక్కలు పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి, వాటితో చాలా పని ఉంది.

ఇంట్లో ఇప్పటికే ఉన్నది లామినేట్ అంటించిన బోర్డు అయితే ఇక్కడ చెప్పినదంతా దానికి సరిపోదు. ఆ నున్నటి ప్లాస్టిక్ లాంటి పొర మీద మామూలు ప్రైమర్ (రంగుకు ముందు వేసే కోటు) నిలవదు, గోరుతో గీకితే ఊడొస్తుంది. బాగా గరుకు చేసి, నున్నటి ఉపరితలాలకు పట్టే ప్రైమర్ అని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి.

పెయింటు, సామాన్లు

షాపులో "వాటర్ బేస్డ్ ఎనామెల్, చెక్కకు" అని స్పష్టంగా అడగండి. గోడల ఎమల్షన్ మిగిలి ఉంది కదా, అదే వేసేద్దాం అనుకుంటారు చాలామంది, వద్దు. గోడను ఎవరూ రోజుకు ఇరవైసార్లు చేత్తో పట్టుకుని లాగరు. ఎమల్షన్ పొర మెత్తగా ఉంటుంది, చేతి జిడ్డు పట్టేస్తుంది, తలుపు ఫ్రేముకు అంటుకుంటుంది. మెరుపు విషయంలో శాటిన్ (తక్కువ మెరుపుది) తీసుకోండి. బాగా మెరిసే గ్లాసీ ఫినిష్ కంటికి బాగుంటుంది కానీ రుద్దడంలో జరిగిన ప్రతి చిన్న లోపాన్నీ ఎత్తి చూపిస్తుంది, చేత్తో వేసే పనికి అది కష్టం. నల్లటి, ముదురు నీలం లాంటి రంగుల మీద గీతలు తొందరగా కనిపిస్తాయి, అది కూడా ఆలోచించుకోండి.

ఎంత కొనాలంటే, ఒక పూర్తి షీటుకు ఒక వైపు 32 చదరపు అడుగులు, రెండు వైపులా 64. డబ్బా మీద లీటరుకు ఎన్ని అడుగులు వస్తుందో రాసి ఉంటుంది, ఎండీఎఫ్ మీద అంతకన్నా కాస్త తక్కువే వస్తుందని లెక్కేసుకోండి. టింటింగ్ మిషన్‌లో కలిపించే రంగు అయితే మొత్తం ఒకేసారి తీసుకోవాలి, మళ్లీ వెళ్లి కలిపిస్తే ఒక పిసరు తేడా వస్తుంది, పక్కపక్కన ఉన్న రెండు షట్టర్ల మీద అది తెలిసిపోతుంది. రెండు మూడు డబ్బాలు తెచ్చుకున్నా అన్నీ ఒక బకెట్‌లో పోసి కలిపేసి వాడండి.

బ్రష్ సింథటిక్ వెంట్రుకలది కావాలి. ఆయిల్ పెయింట్లకు వాడే మామూలు వెంట్రుకల బ్రష్ నీళ్లు పీల్చుకుని చీపురులా విచ్చుకుంటుంది. రెండంగుళాల బ్రష్ ఒకటి, నాలుగంగుళాల చిన్న రోలర్ ఒకటి, సన్నటి మైక్రోఫైబర్ స్లీవ్‌లు రెండు మూడు, ట్రే, మాస్కింగ్ టేప్, పుట్టీ బ్లేడ్. ఎమరీ పేపర్లు 120, 180, 220, 320 నంబర్లవి. ఎన్95 మాస్కులు. రాణిగంజ్ వైపో ట్రూప్ బజార్ వైపో వెళ్తే ఇవన్నీ ఒక్క చుట్టులో దొరికేస్తాయి, లేదంటే మీ కాలనీ హార్డ్‌వేర్ షాపులో కూడా ఉంటాయి.

మాస్కు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఎండీఎఫ్ దుమ్ము పిండి కన్నా సన్నగా ఉండి గంటల తరబడి గాలిలో తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని 1995లో, ఫార్మాల్డిహైడ్‌ను 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. రోజూ పీల్చే కార్మికులకు ఉన్నంత ముప్పు ఒక వారాంతం పనికి ఉండదు, అయినా కట్టుకున్న చున్నీతో సరిపెట్టుకోకండి. రుద్దేటప్పుడు ఫ్యాన్ ఆపండి, బాల్కనీ తలుపు తెరవండి, పిల్లల్ని అటు రానీయకండి. అయ్యాక చీపురుతో ఊడ్చకండి, మళ్లీ గాలిలోకి లేస్తుంది. వ్యాక్యూమ్ ఉంటే వ్యాక్యూమ్, లేకపోతే నేలను తడిగుడ్డతో తుడవండి.

మన ఊరి ఎండ, మన ఊరి వాన

దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి చివరి దాకా హైదరాబాద్‌లో ఈ పనికి మంచి కాలం. గాలి పొడిగా ఉంటుంది, మరీ వేడి ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక పెయింటు రోలర్ మీదే ఆరిపోతున్నట్టు ఉంటుంది, సర్దుకునే టైం ఉండక గీతలు గీతలుగా మిగిలిపోతుంది. అప్పుడు చేయాల్సి వస్తే పొద్దున్నే ఎండ ముదరకముందు కోటు వేసేయండి, ఎండ పడే బాల్కనీలో మాత్రం వద్దు. జులై, ఆగస్టుల్లో సమస్య ఇంకో రకం: గాలిలో తేమ ఎక్కువ, నీళ్లు ఆవిరి కావు, పైకి ఆరినట్టు కనిపించి లోపల మెత్తగానే ఉంటుంది. డబ్బా మీద నాలుగు గంటలు ఆగమని ఉంటే వానాకాలంలో రాత్రంతా ఆగండి.

బోర్డును నేల మీద పరిచి కాకుండా ఎత్తు మీద పడుకోబెట్టి పని చేయాలి. నిలబెట్టి వేస్తే కారుతుంది. రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద మిగిలిన ముక్కలు వేసి, వాటి మీద సీసా మూతలు నాలుగైదు పెట్టి, వాటి మీద షట్టర్ ఉంచితే అంచులకు కూడా చేయి అందుతుంది.

అంచులు

మిగతా ఏ దశలో తొందరపడినా కాస్తో కూస్తో సర్దుకోవచ్చు, ఇక్కడ తొందరపడితే మాత్రం సర్దుకోలేరు.

ముందుగా పదునైన మూలలు విరవాలి. కోసిన అంచుకూ పైభాగానికీ మధ్య ఉండే గీత కత్తిలా ఉంటే పెయింటు అక్కడ నిలవదు, పల్చబడి జారిపోతుంది, కొన్నాళ్లకు ముందు ఊడేది కూడా అక్కడే. 180 నంబర్ పేపర్‌ను ఒక చిన్న చెక్కముక్కకు చుట్టి, ఆ గీత మీద నాలుగైదుసార్లు నడిపితే చాలు, ఒక మిల్లీమీటరు గుండ్రనైతే సరిపోతుంది, కంటికి తెలియదు కానీ వేలికి తెలుస్తుంది.

తర్వాత అంచును 120తో మొదలుపెట్టి 180, 220 దాకా రుద్దండి. రంపం గీతలు పోవాలి, వేలు పెడితే నున్నగా తగలాలి. దుమ్ము దులిపాక లప్పం పెట్టాలి. ఇక్కడ జాగ్రత్త: గోడలకు వాడే వైట్ సిమెంట్ లప్పం పొడి ఇంట్లో ఉంటుంది, అది వద్దు. అది గట్టిగా, పెళుసుగా ఉంటుంది, చెక్క మీద పెచ్చులుగా లేస్తుంది. రెడీమేడ్ అక్రిలిక్ పుట్టీ గానీ, వుడ్ ఫిల్లర్ గానీ తీసుకోండి. కార్పెంటర్లు వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ కూడా చాలా బాగా పనిచేస్తుంది, తొందరగా ఆరుతుంది, అద్దంలా రుద్దుకోవచ్చు, కానీ థిన్నర్ వాసన ఘాటుగా ఉంటుంది, మంటకు తొందరగా అంటుకుంటుంది కూడా. అది వాడితే బాల్కనీలోనే వాడండి, దగ్గర్లో స్టవ్, దీపం, అగరొత్తి ఏవీ ఉండకూడదు.

లప్పం ఏదైనా సరే పల్చగా పెట్టండి. వేలితో అంచులోకి బాగా నొక్కి, మిగిలింది బ్లేడుతో లాగేయాలి. ఒక్కసారి మందంగా పెడితే ఆరేటప్పుడు కుంగి పగులుతుంది. ఆరాక 220తో రుద్ది వెలుతురుకు పెట్టి చూడండి, ఇంకా చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే మరోసారి పెట్టండి. మామూలు ఎండీఎఫ్‌కు రెండోసారి దాదాపు తప్పదు.

ఫెవికాల్‌లో నీళ్లు కలిపి అంచులకు రాసే పద్ధతి కూడా చాలామంది చెబుతారు. అంచు మూసుకుంటుంది, నిజమే. కానీ ఫెవికాల్ పొరను రుద్దితే వేడికి మెత్తబడి ఎమరీ పేపర్‌కు జిగురులా అంటుకుంటుంది, నున్నగా రాదు. కనిపించని వెనక అంచులకు సరిపెట్టుకోవచ్చేమో గానీ ముందు అంచుకు నేను సలహా ఇవ్వను.

లప్పం మీద ప్రైమర్. పెయింటు మొత్తం నీళ్లదే అయినా అంచులకూ, గ్రూవ్‌లకూ, హింజ్ గుంటల లోపలకూ మాత్రం సాల్వెంట్ వుడ్ ప్రైమరే వాడమని గట్టిగా చెబుతాను. అందులో నీళ్లు ఉండవు, పీచు లేవదు. చిన్న డబ్బా చాలు, వాసన కూడా కొద్దిసేపే. బ్రష్‌తో ఒక కోటు, ఆరాక 320తో మెల్లగా రుద్ది ఇంకో కోటు. దాని మీద నీళ్ల ప్రైమర్ వేసే ముందు కనీసం ఒక రాత్రి ఆరనివ్వాలి, లేకపోతే పై పొర పట్టుకోదు. ఆ ప్రైమర్ తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేయకండి, నూనె ఉన్న గుడ్డలు లోపల్లోపల వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, బయట విడిగా ఆరేసి తర్వాత పారేయండి.

మిగిలిన ముక్కలు తెమ్మన్నది ఇందుకే. షట్టర్‌కు ఏం చేస్తున్నారో అదే ఒక ముక్క అంచుకూ చేయండి. ప్రైమర్ పూర్తిగా ఆరాక ఆ ముక్క అంచు మీద తడిగుడ్డ చుట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున వేలితో తడిమితే పైభాగం కన్నా అంచు లావుగా, గరుకుగా తగిలిందంటే ఇంకో కోటు కావాలి. నున్నగానే ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు.

పూజగది తలుపులకు సీఎన్‌సీ మిషన్‌లో (కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మిషన్) జాలీ డిజైన్ కోయించినవాళ్లు ఒక మాట గుర్తుంచుకోండి. జాలీ అంటే దాదాపు అంతా అంచే. ప్రతి పువ్వు, ప్రతి ఆకు లోపలివైపు చిన్న బ్రష్‌తో ప్రైమర్ వెళ్లాలి. ఓపిక లేకపోతే ఆ ఒక్క ముక్కను స్ప్రే చేసేవాళ్లకు ఇచ్చేయడం మంచిది, మిగతావి మీరు చేసుకోండి.

పైభాగానికి ప్రైమర్

పైభాగం నున్నగానే ఉంటుంది కాబట్టి ఎక్కువ రుద్దొద్దు. 220తో తేలిగ్గా ఒక్కసారి తిప్పండి, ఆ మెరుపు పోతే చాలు. గట్టిగా రుద్ది పైపొరను తీసేస్తే లోపలి పీచు బయటపడి మళ్లీ అంచు కష్టాలే మొదలవుతాయి.

తడిగుడ్డ ఈ దశలో వద్దు, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము తీసేసి, రోలర్‌తో నీళ్ల ప్రైమర్ పల్చగా వేయండి. వెనకవైపు ముందు, ముందువైపు తర్వాత. వెనకవైపు ఎవరు చూస్తారులే అని వదిలేయకండి. ఒక వైపే మూస్తే రెండో వైపు నుంచి తేమ వస్తూ పోతూ ఉంటుంది, బోర్డు మెల్లగా విల్లులా వంగుతుంది, పొడవాటి వార్డ్‌రోబ్ తలుపులకు ఇది ఎక్కువ. రెండు వైపులా అన్నే కోట్లు పడాలి.

మొదటి కోటు ఆరాక చేయి పెడితే సన్నగా గరుకు తగులుతుంది. కంగారు పడొద్దు, పైనున్న పీచు కొద్దిగా లేచింది, అంతే. 320తో తేలిగ్గా రుద్దితే పోతుంది. ఇంకో కోటు వేయండి. ఇప్పుడు మొబైల్ టార్చ్‌ను పక్కనుంచి, బోర్డుకు సమాంతరంగా పట్టుకుని చూడండి. గీతలు, గుంటలు, వెంట్రుకలు అన్నీ నీడలతో సహా కనిపిస్తాయి. ఉన్న లోపాలను ఇక్కడే లప్పంతో సర్దుకోవాలి, రంగు పడ్డాక కష్టం.

రంగు

డబ్బాను ఊపకండి, బుడగలు వస్తాయి. కర్రతో అడుగు నుంచి మెల్లగా కలిపి, పల్చటి పాత వాయిల్ గుడ్డలో వడకట్టి ట్రేలో పోసుకోండి. నీళ్లు కలపాలంటే డబ్బా మీద చెప్పినంతే, అవి కూడా శుభ్రమైన నీళ్లు.

గ్రూవ్‌లు, అంచులు ముందుగా బ్రష్‌తో వేసి, ఆరకముందే పైభాగానికి రోలర్ నడపాలి. రోలర్‌ను పెయింటులో పూర్తిగా ముంచేయకుండా ట్రే ఏటవాలు మీద దొర్లించి సమంగా పట్టించండి. ఒక షట్టర్‌ను ఒక చివర నుంచి మొదలుపెట్టి ఆపకుండా రెండో చివర దాకా వెళ్లాలి, మధ్యలో ఫోన్ మోగినా ఎత్తొద్దు, ఎందుకంటే ఆగిన చోట ఆరిన అంచు మీద మళ్లీ రోలర్ పడితే పట్టీలా మచ్చ ఉండిపోతుంది. మొత్తం వేశాక, రోలర్‌కు కొత్తగా పెయింటు పెట్టకుండా, బరువు వేయకుండా, పొడవునా ఒకే దిక్కుగా పై నుంచి కిందికి ఒక్కసారి లాగండి. అంతటితో వదిలేయాలి. రెండు నిమిషాల తర్వాత ఎక్కడో ఒక చుక్క కనిపించిందని మళ్లీ చేయి పెట్టడం వల్లే ఎక్కువ పనులు పాడవుతాయి. ఆ చుక్క ఆరాక రుద్దితే పోతుంది, సగం ఆరిన పెయింటును కెలికితే పోదు.

కోటుకు కోటుకు మధ్య 320తో తేలికగా రుద్ది, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవండి, ఇప్పుడు ప్రైమర్ ఉంది కాబట్టి పరవాలేదు. రెండు కోట్లు తప్పనిసరి, తెలుపు, పసుపు లాంటి లేత రంగులకు మూడు. మందంగా రెండు వేసేకంటే పల్చగా మూడు వేయడం ఎప్పుడూ మంచిది. మాస్కింగ్ టేప్ ఏమైనా అంటిస్తే ఆఖరి కోటు పూర్తిగా గట్టిపడకముందే మెల్లగా, వెనక్కి మడిచినట్టుగా లాగి తీసేయండి.

ఆరడం వేరు, గట్టిపడటం వేరు

చేతికి అంటకపోవడానికి గంట చాలు. కానీ పొర పూర్తిగా గట్టిపడటానికి వారం నుంచి నెల దాకా పడుతుంది, పెయింటును బట్టి, వాతావరణాన్ని బట్టి. ఈలోగా షట్టర్లను ఒకదాని మీద ఒకటి పేర్చితే అంటుకుపోయి, విడదీసేటప్పుడు రంగు ఊడొస్తుంది. మధ్యలో పేపర్ పెట్టినా ఆ పేపర్ ముద్ర పడుతుంది. గోడకు వేరువేరుగా ఆనించి ఉంచండి. హింజ్‌లు, హ్యాండిళ్లు కనీసం రెండు మూడు రోజులాగి బిగించండి, స్క్రూకు ముందు సన్నటి డ్రిల్ కన్నం వేయకపోతే ఎండీఎఫ్ అంచు చీలుతుంది. తలుపు ఫ్రేముకు తగిలే చోట చిన్న రబ్బరు బుడిపెలు అంటిస్తే అతుక్కోవు.

మొదటి నెలలో సబ్బు నీళ్లు, క్లీనర్లు వద్దు. కొత్త కప్‌బోర్డ్‌కు పసుపు కుంకుమ పెట్టే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. మెత్తగా ఉన్న పొరలోకి పసుపు దిగితే ఇక పోదు, కాబట్టి ఫ్రేము లోపలివైపు ఎక్కడైనా పెట్టుకోండి, లేదా గట్టిపడ్డాక పెట్టుకోండి.

తేడా వస్తే

నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా వస్తే పెయింటు చిక్కగా ఉందన్నమాట, లేదా రోలర్ బొచ్చు ఎక్కువైంది. ఆరాక 320తో చదును చేసి, కాస్త నీళ్లు కలిపి సన్న రోలర్‌తో ఇంకో కోటు వేయండి. గోరుతో గీకితే పొర పొరగా లేస్తే కింద దుమ్మో, జిడ్డో, పూర్తిగా ఆరని ప్రైమరో ఉంది, గట్టిగా ఉన్న పొర దాకా తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే దారి. అంచు ఒకచోట ఉబ్బితే దాని మీద ఇంకా పెయింటు వేయకండి. పూర్తిగా ఎండనిచ్చి, ఉబ్బు చదునయ్యేదాకా రుద్ది, లప్పం, సాల్వెంట్ ప్రైమర్, రంగు, ఈ వరుసలో సర్దాలి.

ఇళ్లల్లో ముందుగా ఉబ్బేది ఎప్పుడూ కింది అంచే. రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డ, మాప్ నీళ్లు అక్కడికే వెళ్తాయి, బిగించాక కనిపించదు కాబట్టి పెయింటు పడనిదీ అదే. షట్టర్ బిగించకముందు కింది అంచుకు సాల్వెంట్ ప్రైమర్ ఒక కోటు, రంగు ఒక కోటు అదనంగా వేయండి, నేలకూ షట్టర్‌కూ మధ్య కనీసం రెండు మూడంగుళాలు ఉండేలా కింద గ్రానైట్ స్కర్టింగ్ గానీ ప్లాస్టిక్ కాళ్లు గానీ పెట్టించండి. మిగిలిన రంగును చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, మూత గట్టిగా బిగించి, సీసా మీద షేడ్ నంబరు, కొన్న తేదీ రాసి నీడలో దాచుకోండి. ఏడాదికోసారి కింది అంచులు, హ్యాండిళ్ల చుట్టూ ఒకసారి తడిమి చూసి, ఎక్కడైనా పొర లేచి ఉంటే వానాకాలం రాకముందే ఆ చోట టచప్ చేసేయండి.